మూడుసార్లు కరిగే విమానం

నా బల్ల మీద ఒక అట్టపెట్టె ఉంది. మూత మీద మబ్బులు చీల్చుకుని వస్తున్న స్పిట్‌ఫైర్ బొమ్మ, మూలన బ్రిటిష్ కంపెనీ ఎయిర్‌ఫిక్స్ పేరు, అంచున చిన్న అక్షరాల్లో ‘మేడిన్ ఇండియా’. మూత తీస్తే లోపల విమానం కనిపించదు. బూడిదరంగు ప్లాస్టిక్ చట్రానికి గుత్తులుగా కాసినట్టు ముక్కలుంటాయి. రెక్కలకు పైచెక్క, కిందిచెక్క వేరువేరు. పొట్ట నిలువునా రెండు చీలికలు. పైలట్ కూర్చునే సీటు నా చిటికెనవేలి గోరంత కూడా లేదు. అసలు స్పిట్‌ఫైర్ ఒక రెక్క కొస నుంచి రెండో రెక్క కొసకు 11.23 మీటర్లు. ఇక్కడ 15.6 సెంటీమీటర్లు. 72లో ఒక వంతు అన్నమాట. ఈ లెక్కన ఆరడుగుల మనిషి సరిగ్గా అంగుళం ఎత్తుంటాడు. 72 అనే అంకెలోని సౌలభ్యం అదే.

ఇలా ముక్కలుగా అమ్మే ప్లాస్టిక్ విమానాలు ఇంగ్లండులో 1936లో పుట్టాయి. ఫ్రాగ్ అనే కంపెనీ అప్పటికే గాల్లోకి ఎగిరే బొమ్మ విమానాలు చేసేది. ఎగరని వాటికి ‘పెంగ్విన్’ అని పేరు పెట్టింది. అవీ 1/72 కొలతవే. ప్లాస్టిక్ మాత్రం వేరు, సెల్యులోజ్ ఎసిటేట్. ఏళ్లు గడిచేకొద్దీ అది వంకరపోతుంది. ఆ రోజుల బొమ్మ విమానాల రెక్కలు వాలిపోయి కనిపించడానికి కారణం అదే. ఈ విద్య నిలదొక్కుకోవాలంటే ఇంకో పదార్థం కావలసి వచ్చింది.

ఆ పదార్థం పాలిస్టైరీన్. దాని కథ 1839లో బెర్లిన్‌లో మొదలైంది. ఎడ్వర్డ్ సిమోన్ అనే మందుల తయారీదారు స్టోరాక్స్ అనే చెట్టు బంక నుంచి ఒక నూనె తీశాడు. కొన్నాళ్లకు ఆ నూనె దానంతటదే చిక్కబడి ముద్దలా తయారైంది. గాలి తగిలి మారిందనుకున్నాడాయన. నిజానికి ఆ నూనెలోని స్టైరీన్ అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని పొడవాటి గొలుసులైపోయాయి. ప్లాస్టిక్కులంటే ఇలాంటి గొలుసులేనని వాదించి నిలిచిన జర్మన్ శాస్త్రవేత్త స్టాడింగర్‌కు 1953లో నోబెల్ వచ్చింది.

స్టైరీన్ అనే మాట మన తెలుగువాళ్లకు కొత్త కాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ పక్కన ఆర్.ఆర్. వెంకటాపురంలో 12 మంది ప్రాణాలు తీసింది ఈ స్టైరీన్ ఆవిరే. సిమోన్ సీసాలో మెల్లగా జరిగిన పనే అక్కడి ఫ్యాక్టరీ ట్యాంకులో అదుపు తప్పి జరిగింది. అణువులు గొలుసులుగా కలిసేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి కలయిక ఇంకా వేగమవుతుంది. అందుకే స్టైరీన్‌ను చల్లగా, కలయికను ఆపే రసాయనం వేసి నిలవ ఉంచాలి. గొలుసులు కట్టడం పూర్తయి గట్టిపడిన పాలిస్టైరీన్‌కు ఆ స్వభావం ఉండదు. ఈ రెంటి మధ్య తేడా తెలిసి కూడా, పెట్టె తెరిచినప్పుడల్లా నాకు ఆ ఊరు గుర్తొస్తుంది.

ఎయిర్‌ఫిక్స్‌ను 1939లో పెట్టినవాడు హంగరీ నుంచి వచ్చిన నికొలస్ కోవ్. మొదట గాలి నింపే రబ్బరు బొమ్మలు, తర్వాత దువ్వెనలు చేశాడు. 1949లో ఫెర్గూసన్ వాళ్లు తమ ట్రాక్టరు అమ్మే ప్రతినిధుల కోసం చిన్న నమూనాలు అడిగారు. వాటిని కంపెనీలోనే అతికించి ఇచ్చేవారు. తర్వాత అదే ట్రాక్టరును విడి ముక్కలుగా అంగళ్లకు పంపారు. అతికించే కూలి మిగిలింది, అతికించే సరదా కొన్నవాడికి దక్కింది. ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన మలుపు అదే. 1950ల తొలినాళ్లలో ‘గోల్డెన్ హైండ్’ ఓడ నమూనా వచ్చింది, ఈసారి పాలిస్టైరీన్‌తో. ఉల్‌వర్త్ దుకాణాల్లో రెండు షిల్లింగులు. ధర పెరగకుండా అట్టపెట్టె మానేసి ప్లాస్టిక్ సంచిలో వేశారు. సంచి పైనున్న కాగితం వెనకే అమర్చే పద్ధతి అచ్చువేశారు.

ముక్కలు తయారయ్యే తీరు మన పొలాలకు నీరు పారే తీరే. గింజల్లాంటి పాలిస్టైరీన్‌ను 200 డిగ్రీలు దాటేలా కాచి, ఉక్కు అచ్చులోకి బలంగా నెడతారు. పెద్దకాలువ, పిల్లకాలువ, చివర మడి. ఆ మడే మన రెక్క. చల్లారాక కాలువల్లో మిగిలి గట్టిపడ్డదే మనం చూసే చట్రం, అభిరుచిదారుల మాటల్లో స్ప్రూ. అచ్చు రెండు దిమ్మెలుగా తెరుచుకోవాలి కాబట్టి బోలు పొట్టను ఒకే ముక్కగా తీయడం కుదరదు. అందుకే నిలువు చీలికలు. మందంగా ఉన్నచోట ప్లాస్టిక్ చల్లారుతూ కుంచించుకుపోయి చిన్న గుంట పడుతుంది. ముక్కను బయటికి నెట్టిన కడ్డీల గుండ్రటి గుర్తులు లోపలివైపు మిగులుతాయి. అచ్చులు గీసేవాళ్ల నేర్పంతా ఈ గుర్తుల్ని కంటికి అందని చోట దాచడంలో ఉంది.

జపాన్‌లో షిజువోకా ఊరి టామియా ఈ నేర్పును చాలా దూరం తీసుకెళ్లింది. అది మొదట రంపపు మిల్లు. చెక్క బొమ్మల మీదుగా 1960లో ప్లాస్టిక్‌కు మారింది. వాళ్ల తొలి పాంథర్ ట్యాంకు మోటారుతో నడిచేది. బ్యాటరీలు పట్టేంత పొట్ట కావాలని కొలత నిర్ణయిస్తే అది ఇంచుమించు 1/35 అయింది. ఈనాటికీ ట్యాంకుల నమూనాలకు లోకమంతా ఎక్కువగా వాడేది అదే కొలత.

ఇక ఇంట్లో పని. పాలిస్టైరీన్‌ను అతికించే ద్రవం నిజానికి జిగురు కాదు, ద్రావకం. రెండు సగాలూ దగ్గర పెట్టి సందు మీద కుంచె కొస ఆనిస్తే, ద్రవం తనంతట తానే సందంతా పాకుతుంది. అంచుల్లో ప్లాస్టిక్ కరుగుతుంది. ఫ్యాక్టరీలో వేడి చేసిన పనే ఇక్కడ ద్రావకం చేస్తుంది. గొలుసులు వదులై, ఈ సగంవి ఆ సగంలోకి చొచ్చుకుపోయి పెనవేసుకుంటాయి. మెల్లగా నొక్కితే సందు పొడవునా సన్నటి పూస ఉబుకుతుంది. ఆ పూస కనిపిస్తే అతుకు కుదిరినట్టే. ద్రావకం ఆవిరయ్యాక అక్కడ రెండు ముక్కలుండవు. ఒక రోజు ఆగి, తడిపిన ఉప్పుకాగితంతో రుద్దితే గీత కూడా మాయమవుతుంది. కాక్‌పిట్ అద్దానికి మాత్రం ఈ ద్రావకం తగలకూడదు, మసకబారుతుంది. అక్కడ తెల్ల ఫెవికాలే మేలు.

రంగు వేయడంలోనూ కొలతే గురువు. కుంచెతో మందంగా పూసిన పొర 0.1 మిల్లీమీటరు ఉందనుకోండి, అసలు విమానం మీద అది 7 మిల్లీమీటర్ల పూత. రేకుల మధ్య గీతలన్నీ పూడిపోతాయి. అందుకే చాలామంది ఎయిర్‌బ్రష్ వాడతారు. అమెరికన్ చార్లెస్ బర్డిక్ 1890ల్లో దానికి ఇచ్చిన రూపమే, సూది చుట్టూ దూసుకెళ్లే గాలిలో రంగు కలిసి తుంపరయ్యే పద్ధతే, ఇప్పటికీ నడుస్తోంది. రంగును పాలంత పలచగా కలపాలి. ఒక్కసారే ముంచెయ్యకుండా మూడు నాలుగు పలుచటి పొరలు పడాలి. కిటికీ తెరిచి, మాస్కు కట్టుకునే పని చెయ్యాలి.

అన్నీ అయ్యాక బల్ల మీద ఖాళీ చట్రం మిగులుతుంది. దాన్ని పారేయకండి. ఒక కాడ తుంచి, కొవ్వొత్తి మంటకు కొంచెం ఎడంగా తిప్పుతూ ఉండండి. వంద డిగ్రీల దగ్గర పాలిస్టైరీన్ బిగువు వదులుతుంది, కాడ నడుమ మెరిసి వాలుతుంది. అప్పుడు మంట నుంచి పక్కకు తీసి రెండు చేతులతో లాగండి. అది తలవెంట్రుక అంత సన్నగా సాగి గాల్లోనే గట్టిపడుతుంది. తొలినాళ్ల స్పిట్‌ఫైర్లకు వీపు మీది స్తంభం నుంచి తోక దాకా రేడియో తీగ ఉండేది. ఈ వెంట్రుకను ఆ రెంటి మధ్య కట్టి, కొసల్లో ఒక్కొక్క చుక్క ద్రావకం ఆనించండి.