వేడినీళ్ళ ఊరు, చల్లారిన తొట్టి

ముంబయికి సుమారు 75 కిలోమీటర్ల దూరాన, తాన్సా నది దగ్గర వజ్రేశ్వరి, అక్లోలి, గణేశ్‌పురి గ్రామాలున్నాయి. అక్కడ భూమిలోనుండి వేడినీళ్ళు ఊరుతాయి. భివండిలో మరమగ్గాల మీద పనిచేసే మా బంధువులు చెప్పగా, అత్తగారి మోకాళ్ళ నొప్పుల కోసం ఎంతో ఆశతో వెళ్ళాము.

దిగిన లాడ్జి ఏ కాలం నాటిదో! "గదిలోనే వేడినీటి స్నానం" అని బయట బోర్డు. లోపల తొట్టికి టైల్సు ఊడి, అంచున పాచి పట్టి ఉంది. గొట్టంలో వచ్చేసరికి నీళ్ళు గోరువెచ్చగా కూడా లేవు. మేనేజరుగారిని అడిగితే "నిన్న బాగానే కాలాయండీ" అన్నారు. దుప్పట్ల సంగతి చెప్పకపోవడమే మేలు. డబ్బు మాత్రం ముందే కట్టించుకున్నారు.

మరునాడు ఉదయం అత్తగారిని ఊరి కుండం దగ్గరకు మెల్లగా నడిపించాము. గంధకపు వాసన, ఆవిరి, జనం. పాదం పెట్టగానే "అబ్బా, చుర్రుమంది!" అని ఆమె నవ్వారు. వాననీరు నల్లరాతి పగుళ్ళగుండా లోతుకు దిగి, భూగర్భపు వేడికి కాగి పైకి వస్తుంది. ఆ వెచ్చదనానికి కండరాలు సడలి నొప్పి కొంతసేపు తగ్గుతుంది. అరిగిన కీలు మాత్రం బాగుపడదు. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు డాక్టరును అడిగే దిగాలి. చక్కెరవ్యాధితో పాదాలు మొద్దుబారినవారికి కాలినా తెలియదు.

ఆ పూట అత్తగారు కర్ర లేకుండానే బస్సెక్కారు. భివండిలో దిగేటప్పుడు మళ్ళీ కర్ర అడిగారు.