నీటికుక్కను చూడాలంటే

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే మన కుటుంబాలలో సగం మంది స్కాట్లండు ప్రయాణం గురించి మాట్లాడుకోవడం మొదలుపెడతారు. ఎడింబరో కోట, ఆ పైన లాక్ నెస్. లేని జంతువు కోసం ఆ సరస్సు గట్టున గంటసేపు నిలబడి నీళ్ల వంక చూసే ఓపిక మనకుంది. అదే ఓపిక ఉన్న జంతువు మీద పెడితే బాగుంటుందని చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఆ జంతువు నీటికుక్క.

ఇంగ్లీషువాళ్లు ఆటర్ అనే ఈ జంతువును మనవైపు నీటికుక్క అనీ, నీరుకుక్క అనీ అంటారు. నిజానికి కుక్కతో దీనికి చుట్టరికం లేదు. ముంగిసలాగా సాగిన ఒళ్లు, కురచ కాళ్లు, వేళ్ల మధ్య పొర, మొదట్లో లావుగా ఉండి కొసకు సన్నబడే తోక. తోకతో కలిపి మీటరు పైచిలుకు పొడుగు. పేరు సంగతి వచ్చింది కనుక ఒక మాట: సంస్కృతంలో దీన్ని ఉద్రం అంటారు. ఉదకం అన్న మాటకు మూలమేదో దీనికీ అదే. ఇంగ్లీషు ఆటర్ కూడా ఆ చుట్టరికంలోదే. హిందీవారి ఊద్‌బిలావ్‌లో మొదటి సగం ఆ ఉద్రమే. వాళ్ల కంటికి పిల్లిలా ఆనింది, మన కంటికి కుక్కలా ఆనింది.

1970 ప్రాంతాల్లో ఈ దేశానికి వచ్చిన మన డాక్టర్లలో ఎవరైనా ఇంగ్లండు నడిబొడ్డున నీటికుక్కను చూసి ఉంటే అది పెద్ద వింతే. అప్పటికి అవి దాదాపు అంతరించిపోయాయి. కారణం మనకు బాగా తెలిసిన బాపతుదే. 1955 ప్రాంతంలో ఇక్కడి రైతులు విత్తనాలకు డీల్‌డ్రిన్ అనే పురుగుమందు పట్టించి చల్లడం మొదలుపెట్టారు. గొర్రెలను ముంచే మందునీళ్లలోనూ అదే కలిపేవారు. ఆ మందు వాగుల్లోకి దిగింది. వాగుల్లోంచి చేపల్లోకి, అందులోనూ కొవ్వు ఎక్కువగా ఉండే మలుగు చేపల్లోకి చేరింది. మలుగు అంటే నీటికుక్కకు ప్రాణం. డీల్‌డ్రిన్ పేరు మనకు కొత్త కావచ్చు గాని, దాని తోబుట్టువు ఎండ్రిన్ పేరు వినని తెలుగువాడు ఉండడు. మన పల్లెల్లో అది ఎన్ని ఇళ్లలో ఏడుపు మిగిల్చిందో నేను చెప్పనక్కర్లేదు. రెండింటిలోనూ ఉన్నవి అవే పరమాణువులు, అన్నే పరమాణువులు. వాటి అమరికలోనే తేడా.

ఈ నాశనం బయటపడిన తీరు మరీ విడ్డూరం. నీటికుక్కలను వేటకుక్కలతో తరమడం ఇక్కడ తరతరాల వినోదం. వేటగాళ్ల బృందాలు ఏ రోజున ఎన్ని దొరికాయో శ్రద్ధగా పద్దులు రాసుకునేవి. తరవాత శాస్త్రజ్ఞులు ఆ పద్దులు తిరగేస్తే, 1957-58 నుంచి వేర్వేరు జిల్లాలలో ఒక్కసారిగా వేట దొరకడం మానేసిందని తేలింది. చంపినవాళ్ల చిట్టాయే సాక్ష్యమయింది. 1960ల నుంచి ఆ మందుల మీద ఒక్కొక్క ఆంక్షే వచ్చింది. 1978లో ఇంగ్లండు, వేల్సులలో నీటికుక్కకు చట్టం అండ దొరికింది. 1977-79లో ఇంగ్లండులో సుమారు 3 వేల చోట్ల వెదికితే నూటికి ఆరు చోట్ల కూడా దాని ఆనవాళ్లు కనపడలేదు. 2009-10లో మళ్లీ వెదికితే నూటికి 59 చోట్ల కనపడ్డాయి. 2011లో కెంట్‌లో కూడా అడుగుపెట్టాయని తెలియడంతో, ఇంగ్లండులో నీటికుక్క లేని కౌంటీ లేదని ప్రకటించారు. 1983 నుంచి కొన్ని పెంపుడు నీటికుక్కలను నదుల్లో వదిలిన మాట నిజమే. కాని చాలా భాగం వాటంతట అవే, పడమటి కొండప్రాంతాల నుంచి నది వెంట నదిగా నడిచి వచ్చినవి.

ఇక చూడడం ఎలాగో చెప్పుకుందాం.

మొదటిసారి వెళ్లేవాళ్లు నదికి కాక సముద్రానికి వెళ్లాలి. స్కాట్లండు పడమటి దీవులలోనూ, ఉత్తరాన షెట్లండు దీవులలోనూ నీటికుక్కలు సముద్రతీరంలోనే బతుకుతాయి. ఇది టీవీలో వెల్లకిలా తేలుతూ కనపడే సముద్రపు నీటికుక్క కాదు. అది పసిఫిక్‌లో ఉండే వేరే జాతి. ఇక్కడిది నదిలో ఉండేదే, ఉప్పునీళ్లకూ అలవాటు పడింది. నదుల్లో ఇది ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది. సముద్రతీరంలో మాత్రం పట్టపగలు వేటాడుతుంది. ఎందుకంటే అక్కడ దానికి కావలసిన చిన్న చేపలు చాలామటుకు రాత్రి తిరిగి, పగలు రాళ్ల కింద, సముద్రపు నాచులో ఒదిగి పడుకుంటాయి. పడుకున్న చేపను పట్టడం తేలిక. అందుచేత వాచీ చూసుకునే ముందు ఆటుపోట్ల పట్టిక చూసుకోవాలి. బాగా ఆటు మీద ఉన్నప్పుడు నాచు మొలిచే నేల పైకి దగ్గరవుతుంది, మునక కురచవుతుంది. ఆటు వేళకు అటు రెండు గంటలు, ఇటు రెండు గంటలు మంచి సమయం. ఈ వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతూంటుంది కనుక, నిన్న పదింటికి చూసినవాళ్లు చెప్పారని ఇవాళ పదింటికి వెళ్లకూడదు.

మల్ దీవి ఇందుకు అన్ని విధాలా అనుకూలం. ఓబన్ రేవులో కారుతో సహా ఓడ ఎక్కితే గంట లోపున క్రేగ్‌న్యూర్ చేరుస్తుంది. లాక్ నా కీల్, లాక్ స్క్రిడన్, లాక్ స్పెల్వ్ అనే సముద్రపు పాయల వెంట ఒంటిబాట రోడ్లున్నాయి. కారు నెమ్మదిగా నడుపుకుంటూ, ఆగదగ్గ చోట ఆగి చూడాలి. ఎదురు కార్లకు దారి ఇవ్వడానికి వదిలిన పాసింగ్ ప్లేసులలో మాత్రం కారు నిలిపి కూచోకండి. అక్కడి జనానికి మన మీద కోపం రావడానికి అంతకంటె వేరే కారణం అక్కర్లేదు.

నీళ్ల మీద ముందు కనపడేది నీటికుక్క కాదు, గీత. గాలి లేని రోజున బల్లపరుపుగా ఉన్న నీటిలో బాణం మొనలాంటి గీత ఒకటి కదులుతూంటుంది. మొన దగ్గర చదునైన చిన్న తల, వెనక ఒంటిభాగం కొంచెం, ఆ వెనక తోక. ఇది సీల్ కావచ్చు కదా అని అనుమానం వస్తుంది. సీల్ తల గుండ్రంగా బంతిలా ఉండి, నిలువునా కిందికి జారిపోతుంది. నీటికుక్క ముందుకు వంగి మునుగుతుంది, చివరన తోక కొస గాలిలోకి లేస్తుంది. ఆ తోక చూశారంటే ఇక సందేహం లేదు. మునక సాధారణంగా అర నిమిషం దాటదు. చిన్న చేపయితే తల పైకెత్తి నీళ్లలోనే నమిలేస్తుంది. పెద్ద చేపో, పీతో దొరికితే ఒడ్డుకు తెచ్చుకుంటుంది. మీ అదృష్టం అక్కడ ఉంది.

దగ్గరికి వెళ్లే పద్ధతి ఒకటే: అది మునిగినప్పుడు నడవండి, తేలేముందే కదలకుండా నిలబడండి. పిల్లలకు ఇది చెప్పనక్కర్లేదు, ఇంచుమించు మన దొంగాటే. దాని చూపు నీటి పైన అంత గొప్పది కాదు గాని, ముక్కు మహా చురుకు. గాలి దాని వైపు నుంచి మన వైపు రావాలి. మనం తీసుకెళ్లే పులిహోరలోని ఇంగువ ఫర్లాంగు దూరానికి కబురు చేరవేస్తుందని గుర్తుంచుకోండి. ఆకాశం వెనకగా ఉండేటట్లు గట్టు మీద నిలబడవద్దు. రాయికి ఆనుకుని కూచుంటే మనమూ రాయే.

నేను చూసినవాటిలో మనసులో నిలిచిపోయింది లాక్ నా కీల్ ఒడ్డున ఒక తల్లి, రెండు పిల్లలు. తల్లి పీతను తెచ్చి రాతి మీద వదిలి, మళ్లీ నీళ్లలోకి దిగింది. పిల్లలు దాని చుట్టూ తిరుగుతూ, పట్టుకోబోయి వదిలేస్తూ, సన్నగా ఈల వేసినట్లు అరుస్తున్నాయి. తల్లి రెండుసార్లు తిరిగి వచ్చి చూసింది గాని, పీతను తాను చంపి ఇవ్వలేదు. పిల్లలు సుమారు ఏడాది పాటు తల్లి వెంటే ఉంటాయి, ఈ విద్య నేర్చుకోవడానికే. మా అమ్మాయి, "ఆ అమ్మ హోంవర్కు తను చెయ్యదు కాబోలు" అంది.

ఒక సంగతి చాలామందికి తెలియదు. నీటికుక్క ఒంట్లో సీల్‌కు ఉన్నట్లు మందపాటి కొవ్వు లేదు. చలి ఆపేది దట్టమైన బొచ్చు, అందులో చిక్కుకున్న గాలి. ఉప్పు పేరుకుంటే ఆ బొచ్చు పనిచెయ్యదు. అందుకని సముద్రంలో వేటాడే నీటికుక్క మంచినీటి మడుగుకో, వాగుకో వచ్చి తరచు ఒళ్లు కడుక్కోవాలి. వాగు సముద్రంలో కలిసే చోటు చూసుకుని కూచోమనేది అందుకే. అక్కడ గడ్డి మిగతా చోటికంటె పచ్చగా గుబురుగా పెరిగిన తిన్నె కనపడిందా, అది వాటి రెట్టల ఎరువు చలవే.

రెట్టల ప్రస్తావన తేకుండా ఈ విషయం రాయడం కుదరదు. క్షమించాలి. నదుల దగ్గర జంతువు కనపడే ముందు కనపడేవి ఇవే. నల్లగా జిగటగా, లోపల చేప ముళ్లు, పొలుసులు. వీటిని పరిశోధకులు వంగి వాసన చూస్తారు. ఎండుచేప పక్కన మల్లెపూల దండ పెట్టినట్లు ఉంటుంది, నిజంగా అసహ్యం కలగదు. మింక్ అనే మరో నీటిజంతువుది మాత్రం ముక్కు మూసుకోవలసిన కంపు. ఆ తేడాతోనే రెంటినీ గుర్తుపడతారు. వంతెనల కింద రాళ్ల మీద, వాగులు కలిసే చోట ఉబికిన ఇసుక తిన్నెల మీద వెదకండి. బురదలో అడుగులు పడితే వేళ్లు లెక్కపెట్టండి: కుక్కకు నాలుగు, దీనికి అయిదు.

మీ ఊరి నది దగ్గర ఆనవాలు దొరికిందంటే, తెల్లవారుజామునో, పొద్దు గుంకే వేళో వారం రోజులు అదే చోట కూచోగలవాళ్లకే ఫలితం. అంత తీరిక లేనివాళ్లకు కొన్ని చోట్లు నయం. డోర్సెట్‌లో బ్లాండ్‌ఫర్డ్ పట్టణం దగ్గర స్టౌర్ నదిలో నీటికుక్కలు మనుషులకు అలవాటు పడి పగలే తిరగడం పేరుపడ్డ విషయం. లాంకషైర్‌లో లైటన్ మాస్ అనే పక్షుల రక్షితస్థలంలో రెల్లు మడుగుల ఎదుట చెక్క గదులున్నాయి. వానలో కూడా కూచోవచ్చు కనుక పెద్దవాళ్లతో వెళ్లేవారికి అదే నా సలహా. ఎక్కడైనా సరే, దాని బొరియ కనపడితే దగ్గరికి పోకండి. దాన్ని చెదరగొట్టడం చట్టరీత్యా నేరం, పైగా లోపల పిల్లలుండవచ్చు.

తిరిగి వచ్చాయి కదా అని నిశ్చింతగా ఉండే వీలు లేదు. వేల్సులో 2015-18లో జరిపిన సర్వేలో, 2009-10 నాటికంటె తక్కువ చోట్ల ఆనవాళ్లు దొరికాయి. వాన వరద వచ్చినప్పుడు వంతెన కింద నీటి వడికి ఎదురీదడం ఇష్టంలేక నీటికుక్క ఒడ్డెక్కి రోడ్డు దాటుతుంది. కార్ల కింద పడేది అప్పుడే. అందుకని ఇప్పుడు కొన్ని వంతెనల కింద నడవడానికి చిన్న అరుగులు కడుతున్నారు. రోడ్డు పక్కన చచ్చిన నీటికుక్క కనపడితే, ఇంగ్లండులోనయితే ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీకి చోటు వివరంగా ఫోను చేసి చెప్పండి. ఇంగ్లండు, వేల్సులలో దొరికిన కళేబరాలు కార్డిఫ్ విశ్వవిద్యాలయానికి చేరతాయి. 1990ల నుంచి అక్కడ వీటికి శవపరీక్షలు చేస్తున్నారు. నదిలో ఏ విషం పారుతోందో తెలుసుకోవడానికి ఇంతకంటె నమ్మకమైన సాక్షి లేదు. 2022లో వాళ్లు ప్రకటించిన పరిశోధనలో, చూసిన 50 నీటికుక్కల కాలేయాలలోనూ నాన్‌స్టిక్ పెనాలకు, వాన తడవని కోట్లకు, మంటలార్పే నురగకు వాడే రకం ఫ్లోరిన్ రసాయనాలు బయటపడ్డాయి. ఒక్కటి కూడా తప్పించుకోలేదు. డీల్‌డ్రిన్ పోయింది, దోసెల పెనం వచ్చింది.

చివరగా, డిసెంబరులో కాకినాడ వైపు వెళ్లేవాళ్లకు. గావిన్ మాక్స్‌వెల్ 1960లో రాసిన "రింగ్ ఆఫ్ బ్రైట్ వాటర్" వల్ల స్కాట్లండు నీటికుక్కలు జగత్ప్రసిద్ధి పొందాయి. కాని అందులోని ముద్దుల కథానాయకుడు మిజ్ స్కాట్లండుది కాదు. 1956లో ఇరాక్ చిత్తడి నేలల నుంచి తెచ్చింది. నున్నటి బొచ్చు ఉండే వేరే జాతి. గోదావరి పాయల దగ్గర కోరంగి మడ అడవుల్లో ఉన్నది సరిగ్గా ఆ జాతే. ఇక్కడివి పెద్దయితే ఒంటరిగా తిరుగుతాయి, కోరంగివి కుటుంబంతో సహా గుంపుగా గోలగోలగా వేటాడతాయి. అక్కడా ఆటుపోట్లున్నాయి. ఆటు తీసినప్పుడు బురద తేలిన పాయల అంచులు చూడండి, వేళ్లు లెక్కపెట్టండి. పడవవాళ్లను ఆటర్ అని కాకుండా నీటికుక్క అని అడగండి.