చలికాలానికి పురుగుల ఇంటిని సిద్ధం చేసుకోవడం



కార్తీక మాసం దాటితే ముల్బాగల్, చింతామణి, శిడ్లఘట్ట, హోసూరు, డెంకణికోట ప్రాంతాల్లో చలి ముదురుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున వేడి 15 డిగ్రీలకు, కొన్ని రోజులు అంతకన్నా కిందికి దిగుతుంది. పట్టుపురుగుకు సొంతంగా ఒంటి వేడి ఉండదు. గది ఎంత చల్లగా ఉంటే దాని ఒళ్లూ అంత చల్లగా ఉంటుంది. చలి తగిలిన పురుగు ఆకు సరిగా తినదు. జ్వరానికి కూర్చోవడం, లేవడం అన్నీ ఒకేసారి జరగవు. పంట కొన్ని రోజులు వెనకబడుతుంది. ఆ రోజుల ఆకు, కూలి ఖర్చు రైతు మీదే పడుతుంది.

అయితే చలికాలంలో పంటను తీసేది చలి ఒక్కటే కాదు. చలికి భయపడి తలుపులు, కిటికీలు బిగించేస్తే లోపల తేమ నిలుస్తుంది. చలి, తేమ కలిసిన చోట సున్నపు రోగం వస్తుంది. కాబట్టి వేడి పోకుండా, గాలి ఆగకుండా ఇంటిని తయారు చేసుకోవాలి.

ఎంత వేడి, ఎంత తేమ?

చాకీ దశలో మొదటి జ్వరం వరకు 28 డిగ్రీలు, రెండో జ్వరం వరకు 27 డిగ్రీల వేడి, 85 శాతం తేమ కావాలి. ఆ తర్వాత మూడో దశలో 26 డిగ్రీలు, 80 శాతం. నాలుగో దశలో 25 డిగ్రీలు, 75 శాతం. అయిదో దశలో 24 డిగ్రీలు, 70 శాతం ఉండాలి. అంటే పురుగు పెరిగే కొద్దీ వేడి, తేమ రెండూ తగ్గించుకుంటూ రావాలి.

తడి బుడ్డి, పొడి బుడ్డి ఉన్న థర్మామీటరును తట్టల ఎత్తులో వేలాడదీయండి. తలుపు పక్కన గానీ, కుంపటి దగ్గర గానీ పెట్టవద్దు. పొడి బుడ్డి 25, తడి బుడ్డి 22 చూపిస్తే తేమ సుమారు 75 శాతం ఉన్నట్లు. రెండింటి మధ్య తేడా తగ్గే కొద్దీ తేమ పెరుగుతున్నదని గుర్తు.

ఇంటి మరమ్మతు

పురుగులు ఇంటికి రావడానికి పదిహేను రోజుల ముందే పని మొదలుపెట్టండి.

1. గోడల పగుళ్లు, నేలలోని గుంటలు, ఎలుక బొరియలు పూడ్చండి. రోగపు దుమ్ము దాగేది అక్కడే.

2. రేకుల ఇల్లయితే రేకుల కింద గోనెపట్టాలతో గానీ, కొబ్బరి తడికలతో గానీ అటక కట్టండి. రాత్రి రేకు నుంచి దిగే చలి, తెల్లవారుజామున కారే నీటి బొట్లు పురుగుల మీద పడవు.

3. చలిగాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. ఆ వైపు కిటికీలకు గోనె తెరలు కట్టి, రాత్రి దించి, పగలు ఎత్తండి.

4. పైన ఉండే గాలి కంతలను మూయవద్దు. వాటికి, కిటికీలకు నైలాను వల కొట్టండి. గాలి వస్తుంది, ఊజి ఈగ రాదు.

ఇంటి శుద్ధి

పంట అయిన వెంటనే ఒకసారి, కొత్త పురుగులు రావడానికి మూడు రోజుల ముందు మరోసారి మందు కొట్టాలి. 100 లీటర్ల నీటికి 2 కిలోల మంచి బ్లీచింగు పౌడరు, 300 గ్రాముల విరిసిన సున్నం కలపండి. గోడలు, నేల, అటక, తట్టలు, చంద్రికలు బాగా తడిసి, ఆ తడి అరగంట పాటు ఆరకుండా ఉండాలి. మూత తీసి చాలా రోజులైన, గడ్డకట్టిన పౌడరులో పస ఉండదు. ఫార్మలిన్ సరిగా పని చేయాలంటే గదిలో వేడి 25 డిగ్రీలకు మించి ఉండాలి. చలి గదిలో దాన్ని నమ్ముకోవద్దు.

పడకలో తేమ

మంచు ఆరిన తర్వాతే ఆకు కోయండి. తడి ఆకు వేయవద్దు. జ్వరానికి కూర్చున్నప్పుడు పడక మీద సున్నపు పొడి పలుచగా చల్లి, గాలి ఆడనివ్వండి. ప్రతి జ్వరం నుంచి లేచాక, మేత వేయడానికి అరగంట ముందు విజేత పొడి చల్లాలి. చలికాలంలో దానితో పాటు విజేత సప్లిమెంటు కూడా వాడాలి.

సున్నపు రోగంతో చచ్చిన పురుగు మొదట బిగుసుకుంటుంది, తర్వాత సున్నపు కడ్డీలా తెల్లబడుతుంది. ఆ తెలుపే రోగాన్ని మోసే దుమ్ము. తెల్లబడక ముందే ఏరి కాల్చండి. పెరట్లో పారవేయవద్దు, కోళ్లకు వేయవద్దు.

కుంపటి విషయంలో జాగ్రత్త

కరెంటు హీటరు ఉంటే మేలు. బొగ్గుల కుంపటే గతి అయితే, బయట రాజేసి, పొగ పోయి ఎర్రగా కాలిన తర్వాతే లోపలికి తేవాలి. పొగ పోయింది గదా, ప్రమాదం పోయిందనుకోవద్దు. ఎర్రటి నిప్పుల నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో అది నిండితే నిద్రలో ఉన్న మనిషి లేవడు.

మన ఊళ్లలో పురుగులు, మనుషులు ఒకే ఇంట్లో ఉండడం, రాత్రి మేత కోసం తట్టల పక్కనే పడుకోవడం మామూలు. కుంపటి ఉన్న గదిలో ఎవరూ పడుకోకూడదు, ముఖ్యంగా పిల్లలు, బాలింతలు, ముసలివారు. కుంపటి ఉన్నంతసేపు గాలి కంతలు తెరిచి ఉండాలి. పడుకునే ముందు దాన్ని బయట పెట్టేయండి. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి కనిపిస్తే వెంటనే ఆ మనిషిని బయటి గాలికి తెచ్చి, 108కి ఫోను చేయండి. ఒక పంట పోతే మరో పంట పెట్టుకోవచ్చు.

గూడు కట్టే సమయం

చంద్రికలకు ఎక్కించిన తర్వాత 24 డిగ్రీల వేడి, 60 నుంచి 65 శాతం తేమ ఉండాలి. చంద్రికలను ఆరుబయట మంచులో ఉంచవద్దు. మామూలుగా అయిదో రోజున విప్పే మిశ్రమ జాతి గూళ్లను చలికాలంలో ఒకటి రెండు రోజులు ఆగి విప్పండి. ముందుగా ఒకటి రెండు గూళ్లు కోసి చూడండి. లోపలి పురుగు గోధుమ రంగుకు తిరిగి గట్టిపడి ఉంటేనే విప్పాలి. లేత గూళ్లు సంతకు చేరేలోపే లోపల పగిలి మచ్చపడతాయి, ధర పడిపోతుంది.

మందుల మోతాదు విషయంలో సందేహం ఉంటే మీ దగ్గరి పట్టు పరిశ్రమ సాంకేతిక సేవా కేంద్రంలో అడగండి. రోగం కనిపించిన తర్వాత కాకుండా, ఇల్లు సిద్ధం చేసుకునేటప్పుడే వచ్చి అడిగితే ఎక్కువ మేలు.