జబ్బు తగ్గింది... మాత్రలు మానొచ్చా?

ఈమధ్య ఒక సోమవారం ఓపీకి బేస్తవారిపేట పక్క పల్లె నుంచి ఒక రైతు వచ్చాడు. నలభై ఐదేళ్ల మనిషి. నాకు కొత్తవాడు కాదు. మూడేళ్ల కిందట ఎడమ డొక్కలో బల్ల పెరిగిందని వస్తే రక్తపరీక్ష చేయించాను. పదకొండు వేలు దాటకూడని తెల్లకణాలు రెండు లక్షలున్నాయి. పెద్దాసుపత్రికి పంపితే క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్తకేన్సర్ అని తేలింది. ఇమాటినిబ్ మాత్రలతో కొద్ది నెలల్లోనే బల్ల కరిగింది. మనిషి మళ్లీ మిరపచేలో దిగాడు.

ఇప్పుడు మళ్లీ బల్ల!

"మాత్రలు వేసుకుంటున్నావా?" అన్నాను.

"రక్తం బాగుందని చెప్పిరి గదా సార్! బాగైనాక మాత్రలెందుకులే అని ఆరు నెలల కిందట మానుకుంటి" అన్నాడు.

ఆయన భార్య తలవంచుకుంది. "నేనూ సరేనంటి సార్" అంది మెల్లగా.

వాళ్లను కోప్పడి లాభం లేదు. బాగున్న మనిషి మందెందుకు మింగాలో వాళ్లకు అర్థమయ్యేట్టు ఎవరూ చెప్పలేదు. అందుకే మీకూ చెబుతున్నాను.

చేలో తుంగ మొలిస్తే గుంటక తోలతాం. పైన పచ్చగా కనిపించేదంతా పోతుంది. కానీ మట్టి లోపల గడ్డ వుంటుంది. వానపడితే మళ్లీ మొలుస్తుంది. కేన్సర్‌లోనూ ఇలాంటి గడ్డలున్నాయి. వాటినే కేన్సర్ మూలకణాలంటారు. మన ఎముక మూలుగలో రక్తాన్ని తయారుచేసే మూలకణాలు సహజంగానే వుంటాయి. కేన్సర్ మూలకణాలు వాటిలాగే తమను తాము పెంచుకుంటూ, తక్కిన కేన్సర్ కణాలను పుట్టిస్తుంటాయి.

1994లో కెనడాలోని టొరాంటోలో జాన్ డిక్ బృందం ఒక రకం రక్తకేన్సర్ కణాలను ఎలుకలకు ఎక్కించి చూసింది. వాటిలో బహు కొద్ది కణాలకే జబ్బును మళ్లీ పుట్టించే శక్తి వుందని తేలింది. 2003లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం వారు రొమ్ము కేన్సర్‌లోనూ ఇలాంటి కణాలను గుర్తించారు. అవి నూరు కణాలున్నా ఎలుకలో గడ్డ లేచింది. మిగతా రకం వేలకొద్దీ ఎక్కించినా లేవలేదు.

మరి మందులకు ఇవి ఎందుకు చావవు? చాలా కేన్సర్ మందులు చురుగ్గా విభజన చెందే కణాలనే చంపుతాయి. ఈ మూలకణాల్లో చాలావరకు నిద్రపోతున్నట్టు వుంటాయి. పైగా లోపలికి వచ్చిన మందును బయటికి తోడిపోసే పంపుల వంటి ప్రోటీన్లు వీటిలో ఎక్కువ. నాగటి కర్రుకు తగులుకుని తుంగగడ్డ పక్క చేనికి పోయినట్టు, కొన్ని కేన్సర్లలో ఈ కణాలు రక్తంలో కొట్టుకుపోయి ఊపిరితిత్తుల్లోనో, ఎముకల్లోనో పాతుకుంటాయి. ఏళ్ల తరబడి అణిగివుండి తిరిగి లేవొచ్చు. అన్ని కేన్సర్లూ ఇదే తీరున నడుస్తాయని మాత్రం అనుకోవద్దు. మామూలు కేన్సర్ కణాలు కూడా ఒక్కోసారి ఈ లక్షణాలు తెచ్చుకుంటాయి.

మన రైతు జబ్బులో జరిగిందిదే. ఇమాటినిబ్ రక్తంలోని కేన్సర్ కణాలను అణచింది. మూలుగలోని మూలకణాలు మిగిలిపోయాయి. మాత్ర ఆగింది, అవి లేచాయి.

ఈ మందు సామాన్యుడికి అందడం వెనుక మన హైదరాబాదు పాత్ర కూడా వుంది. ఇమాటినిబ్ 2001లో అమెరికాలో వాడుకలోకి వచ్చింది. విదేశీ కంపెనీ మాత్రలకు నెలకు లక్ష రూపాయల పైచిలుకు అయ్యేది. హైదరాబాదుకు చెందిన నాట్కో 2003లో 'వీనాట్' పేరుతో చాలా తక్కువ ధరకు తెచ్చింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు విదేశీ కంపెనీకి పేటెంటు నిరాకరించింది. ఒకప్పుడు ఈ జబ్బు వచ్చినవాళ్లు చాలామంది ఐదారేళ్లకు మించి బతికేవారు కాదు. ఇప్పుడు మాత్రలు సక్రమంగా వేసుకునేవారిలో ఎక్కువమంది దాదాపు అందరిలాగే ఆయుర్దాయం పొందుతున్నారు.

కాబట్టి ఈ సంగతులు గుర్తుంచుకోండి:

ఒంట్లో బాగున్నా, మామూలు రక్తపరీక్ష బాగున్నా మాత్రలు మానకండి. మిగిలిన జబ్బును పట్టేది పీసీఆర్ పరీక్ష. డాక్టరు చెప్పిన గడువుకు చేయించుకోండి.

ఏళ్ల తరబడి ఆ పరీక్ష చాలా బాగున్న కొందరికి నిపుణులు మాత్ర ఆపి చూస్తారు. అలా ఆపినవారిలో సుమారు సగం మందికి జబ్బు తిరగబెడుతుంది. అందుకే తరచూ పరీక్షలు చేస్తూ కనిపెట్టి వుంటారు. సొంతంగా ఆ పని చేయకండి.

వికారం, కాళ్ల వాపు, డబ్బు ఇబ్బంది - కారణం ఏదైనా డాక్టరుకు చెప్పండి. మోతాదు మార్చవచ్చు, మందు మార్చవచ్చు, ప్రభుత్వ సాయం ఏముందో చూడవచ్చు.

"స్టెమ్ సెల్ వైద్యంతో ఏ కేన్సరైనా మాయం" అనే ప్రకటనలు నమ్మకండి. రక్తకేన్సర్లకు చేసే మూలుగ మార్పిడి వేరు, ఇవి వేరు.

మన రైతుకు మాత్రలు మళ్లీ మొదలయ్యాయి. నెల తిరిగేసరికి తెల్లకణాలు దిగుముఖం పట్టాయి. ఇలా మానినవారందరికీ రెండోసారి మందు పనిచేస్తుందని చెప్పలేం. ఈసారి ఆయన భార్య కేలెండరు కూడా తెచ్చి చూపింది. మాత్ర వేసుకున్న ప్రతిరోజుకూ ఒక గీత. ఒక్క రోజూ ఖాళీ లేదు.