బీచ్ ట్రిప్ తర్వాత కాలిపై పాకే ఎర్ర గీత.. తామర అనుకుని క్రీమ్ రాస్తే తగ్గదు!

ఫుకెట్, పట్టాయా, గోవా.. ఎక్కడికెళ్లినా చెప్పులు పక్కన పడేసి ఇసుకలో నడవందే ట్రిప్ పూర్తయినట్టుండదు. అయితే ఇంటికొచ్చాక పాదం మీద ఉబ్బెత్తుగా ఎర్రటి గీత కనిపించి, నిద్ర పట్టనంత దురద పెడుతుంటే తేలిగ్గా తీసుకోవద్దు. నిన్న ఉన్నచోట ఆగకుండా ఆ గీత ఇవాళ ఇంకాస్త ముందుకు పాకిందంటే, చర్మంలో ఓ లార్వా తిరుగుతున్నట్టే.

వైద్య భాషలో దీన్ని ‘క్యుటేనియస్ లార్వా మైగ్రాన్స్’ అంటారు. కుక్కలు, పిల్లుల పేగుల్లో ఉండే కొంకి పురుగుల గుడ్లు వాటి మలంతో ఇసుకలోకి చేరతాయి. వేడి, తేమ ఉంటే చాలు.. గుడ్లు పగిలి లార్వాలు బయటికొస్తాయి. ఒట్టి కాలితో తొక్కినా, ఇసుకలో కూర్చున్నా ఒంట్లోకి దూరిపోతాయి. కుక్క ఒంట్లో అయితే పేగుల దాకా వెళ్లేవే. మన చర్మం లోపలి పొరను మాత్రం దాటలేవు. దారి దొరక్క పైపొరలోనే వంకరటింకరగా తిరుగుతాయి.. రోజుకు కొన్ని మిల్లీమీటర్ల నుంచి 2 సెంటీమీటర్ల దాకా!

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. దురద అనగానే తామర అనుకుని మెడికల్ షాపులో ట్యూబ్ కొనేస్తారు. ఫంగస్ క్రీమ్ పురుగుపై పనిచేయదు. స్టెరాయిడ్ కలిసిన క్రీమ్‌తో దురద తగ్గినట్టు అనిపించినా లార్వా తన దారిన తాను పోతూనే ఉంటుంది. తామర గుండ్రంగా విస్తరిస్తుంది, ఇది పాములా సాగుతుంది. గుర్తుపట్టడం అంత కష్టమేం కాదు. ఇక సూదితో గుచ్చి తీసేద్దామనుకుంటే అస్సలొద్దు. గీత చివర కంటే లార్వా ఇంకాస్త ముందే ఉంటుంది.. పుండు పడి చీము పట్టడం తప్ప ఒరిగేదేం లేదు.

మందు మాత్రం సులువైనదే. స్కూళ్లలో నులిపురుగుల కోసం ఇచ్చే ఆల్బెండజోల్‌నే దీనికీ వాడతారు, కాకపోతే కొన్ని రోజులు వేసుకోవాలి. కరోనా టైంలో అందరి నోటా నానిన ఐవర్‌మెక్టిన్‌తో అయితే చాలామందికి ఒక్క డోసుకే తగ్గుతుంది. గర్భిణులు, చిన్న పిల్లలకు డాక్టర్‌ను అడగకుండా వేయకూడదు. మందు వాడకపోయినా కొన్ని వారాల్లో లార్వా చచ్చిపోతుంది.. అన్నాళ్లు ఆ దురద ఎవరు భరిస్తారు? ఒకరి నుంచి ఒకరికి మాత్రం ఇది అంటదు.

అమెరికా, యూరప్‌లో ఉండే మనవాళ్లయితే ఏ బీచ్‌కు, ఎప్పుడు వెళ్లొచ్చారో డాక్టర్‌కు ముందే చెప్పాలి. చలి దేశాల్లో ఈ కేసులు తరచూ కనిపించవు మరి.

కుక్కలు తిరిగే బీచ్‌లో చెప్పులు విప్పొద్దు. కూర్చోవాలనిపిస్తే పొడి ఇసుకలో టవల్ పరచడం కంటే అలలు కడిగి వెళ్లే చోటే నయం.