మౌనంలో సాగే ప్రయోగం: ఉన్నత పాఠశాల విద్యార్థికి రేడియో ద్వారా నిత్యజీవిత విజ్ఞానం

వ్యాస సంగ్రహం: రేడియో విజ్ఞానపాఠం చూపలేని దాన్ని మాటలతో నింపబోయి విఫలమవుతుందనీ, శ్రోతకు పని అప్పగించి తాను ఆగినప్పుడు సఫలమవుతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇంట్లో వినిపించే ధ్వనులు, పారిభాషిక పదాలు, రేడియో తరంగాల ప్రవర్తన ఇందుకు ఉదాహరణలు.

కీలక పదాలు: రేడియో, విజ్ఞానబోధన, శ్రవ్యపాఠం, పారిభాషిక పదాలు, ఉన్నత పాఠశాల.

1. ఉపోద్ఘాతం

విజ్ఞానశాస్త్ర బోధన ప్రధానంగా కంటిని నమ్ముకొని సాగుతుంది. పటం, నల్లబల్ల, రంగు మారే ద్రావణం అన్నీ చూడవలసినవే. రేడియోకు ఇవేవీ లేవు. ఈ లేమిని లోపంగా ఎంచి, దాన్ని వర్ణనతో పూడ్చడానికి చేసే ప్రయత్నం చివరకు పాఠ్యపుస్తకాన్ని చక్కని ఉచ్చారణతో చదివి వినిపించడంగా మిగులుతుంది. పుస్తకం చేతిలో ఉన్న విద్యార్థికి అటువంటి పాఠం అనవసరం. పుస్తకం అర్థంకాని విద్యార్థికి అది నిరుపయోగం. కనుక రేడియోకు ప్రత్యేకంగా సాధ్యమయ్యేది ఏమిటన్నదే పరిశీలించవలసిన అంశం.

2. విరామం అనే పద్ధతి

తెలుగు బాలశ్రోతలతో రేడియో మాట్లాడిన తీరుకు మంచి పూర్వరంగమే ఉంది. మద్రాసు ఆకాశవాణి కేంద్రం నుండి పిల్లల కార్యక్రమాలు నిర్వహించిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు శ్రోతలకు ‘రేడియో అన్నయ్య’, ‘రేడియో అక్కయ్య’ అయ్యారు. ఆ బంధువాచకాలు కేవలం ముద్దుపేర్లు కావు. ఉపన్యాసకుడు చెబితే వినాలి. అన్నయ్య అడిగితే జవాబు చెప్పాలి.

జవాబుకు చోటివ్వడాన్ని ఒక బోధనపద్ధతిగా తీర్చిదిద్దిన ప్రయత్నం 1970లలో నికరాగువాలో రేడియో ద్వారా గణితం బోధించిన పథకంలో కనిపిస్తుంది. ప్రశ్న, కొద్దిసేపు నిశ్శబ్దం, ఆపై సరైన జవాబు: ఇదీ దాని క్రమం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక తరగతులకు ప్రసారమైన ‘విందాం నేర్చుకుందాం’ ఈ కోవకు చెందినదే. పెద్ద పిల్లలను కూడా ఉద్దేశించిన యత్నాలలో జాతీయ శాస్త్ర సాంకేతిక సమాచార మండలి, ఆకాశవాణి కలిసి 1991లో ప్రారంభించిన ‘మానవ్ కా వికాస్’ చెప్పుకోదగినది. మానవ పరిణామాన్ని 144 భాగాలలో, అనేక భారతీయ భాషలలో వినిపించిన ధారావాహిక అది.

ప్రాథమిక తరగతి పిల్లవాడికి కొన్ని సెకన్ల విరామం చాలు. ఎక్కం అప్పగించడానికి అంతకన్నా అక్కరలేదు. ఉన్నత పాఠశాల విద్యార్థికి అది చాలదు. అతడు లేచి వంటింట్లోకి వెళ్ళి, గ్లాసు తెచ్చుకొని, రెండుసార్లు చేసి చూడాలి. ప్రసారంలో నిశ్శబ్దాన్ని దోషంగా చూడడం నిర్వాహకులకు అలవాటు. విజ్ఞానపాఠంలో ఆ నిశ్శబ్దమే ప్రయోగశాల.

3. చెవికి అందే విజ్ఞానం

తెల్లవారుజామున చీకట్లో కుళాయి కింద బిందె పెట్టిన ఇల్లాలికి అది నిండబోతోందని చూడకుండానే తెలుస్తుంది. నీటి ధార చేసే శబ్దం క్రమంగా సన్నబడి, కీచుగా మారుతుంది. పొడవాటి స్టీలు గ్లాసుతో విద్యార్థి దీన్ని పరీక్షించవచ్చు. నీరు పెరిగేకొద్దీ పైనున్న గాలిస్తంభం పొట్టిదవుతుంది. దాని పొడవు సగమైతే పౌనఃపున్యం దాదాపు రెట్టింపవుతుంది.

ఇంతటితో ఆగితే అది ఒక సమాచారం మాత్రమే. అదే పాఠంలో జలతరంగం వినిపిస్తే చిక్కు మొదలవుతుంది. కప్పులో నీరు పెంచి అంచుమీద పుల్లతో కొడితే స్వరం పెరగదు, తగ్గుతుంది. నీరు పెరగడం రెండుచోట్లా ఒకటే. ఫలితం మాత్రం విరుద్ధం. ఎందుకు? ఇక్కడ ప్రసారం ఆగాలి. మొదటిదానిలో కంపించేది గాలి, రెండవదానిలో కప్పు గోడ. గోడతోపాటు నీరు కూడా కదలవలసి రావడంతో బరువు పెరిగి కంపనం నెమ్మదిస్తుంది. ‘కంపిస్తున్నది ఏది?’ అనే ప్రశ్న తనంతట తానుగా విద్యార్థికి తోచిననాడు ధ్వని పాఠంలో సగం పూర్తయినట్లే. ఈ రెండు ధ్వనులను పక్కపక్కన నిలపడంలో ముద్రిత పుస్తకం రేడియోకు సాటిరాదు.

పొయ్యిమీద నీళ్ళు మరగడానికి ముందు గిన్నె చేసే మోత కూడా ఇటువంటిదే. అడుగున వేడికి పుట్టిన ఆవిరిబుడగలు పైనున్న చల్లని నీటిలోకి చేరి చితికిపోవడం వల్ల ఆ శబ్దం వస్తుంది. నీరంతా మరిగే స్థితికి చేరాక బుడగలు చితకవు, కనుక మోత తగ్గుతుంది. గిన్నె ఎక్కువ చప్పుడు చేసేది తీరా మరుగుతున్నప్పుడు కాదు, అంతకు కాస్త ముందు.

4. మాట తెచ్చే చిక్కు

పుస్తకంలో నిర్వచనం పేజీమీద నిలిచి ఉంటుంది; రేడియోలో అది ఎగిరిపోతుంది. ‘పౌనఃపున్యం’ అనే పదాన్ని మొదటిసారి చెవితో విన్న విద్యార్థి దాని అక్షరాలను కూడదీసుకునేలోపు రెండు వాక్యాలు దాటిపోతాయి. అయినా కొత్త పదం అంత ప్రమాదకరం కాదు. తెలియదని కనీసం తెలుస్తుంది. తెలిసిన పదమే అసలు చిక్కు. ‘పీడనం’ అనగానే వినిపించేది హింస. తలమీద మూటతో బస్సుకోసం కదలకుండా నిలబడిన మనిషి ఆ మూటమీద ‘పని’ చేయడం లేదని భౌతికశాస్త్రం అంటుంది. ఆ మూట ఎత్తిన ఇంటి పిల్లవాడు ఈ మాటను నమ్మడు, నమ్మకపోవడం తప్పూ కాదు. మూట ఎత్తేటప్పుడు పని జరిగింది. నిలబడినప్పుడు బలం ఉన్నా, బలం దిశలో స్థానభ్రంశం లేదు. కండరాలు అలసిపోవడం మాత్రం నిజమే, అక్కడ శరీరం లోపల శక్తి ఖర్చవుతూనే ఉంటుంది. ఈ చివరి వాక్యం చెప్పకుండా వదిలేసిన పాఠం శాస్త్రాన్ని అనుభవానికి శత్రువుగా నిలబెడుతుంది. అనుభవం ముందు, పదం తరువాత అనే క్రమం రేడియోలో ఐచ్ఛికం కాదు, అనివార్యం.

5. రేడియోయే పాఠమైనప్పుడు

చేతిలోని యంత్రమే పరికరంగా మారే సందర్భాలూ ఉన్నాయి. ఉరుములమధ్య మీడియం వేవ్ రేడియో చిటపటలాడుతుంది. ఆ చిటపట మెరుపుతోపాటే వినిపిస్తుంది, ఉరుము తరువాత వస్తుంది. ఇంట్లోనే కూర్చొని ఈ రెండింటి నడుమ సెకన్లు లెక్కించి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరాన పడిందో స్థూలంగా తెలుస్తుంది. మెరుపు కాంతి, రేడియో తరంగం ఒకే వేగంతో వస్తాయని, ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు మాత్రమే నడుస్తుందని విద్యార్థి తన చెవితోనే గ్రహిస్తాడు. ఎఫ్.ఎం.లో ఈ పాఠం కుదరదు. అక్కడ సమాచారం తరంగ పరిమితిలో కాక పౌనఃపున్యంలో ఉండటం వల్ల ఆ అలజడి చాలావరకు వడపోతకు గురవుతుంది. మొబైల్‌లో ఎఫ్.ఎం. మాత్రమే ఉన్న నేటి విద్యార్థి కోల్పోయిన ప్రయోగాలలో ఇదొకటి.

విజయవాడ కేంద్రపు 837 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 358 మీటర్లు. పగలు ఇటువంటి తరంగాలు నేలను అంటిపెట్టుకొని కొంతదూరమే సాగుతాయి. పైకి వెళ్ళినవాటిని అయనోస్ఫియర్ కింది పొర పీల్చుకుంటుంది. సూర్యాస్తమయం తరువాత ఆ పొర క్షీణించి, పైపొరలు తరంగాలను తిరిగి నేలకు పంపుతాయి. అందుకే పగలు వినిపించని దూరకేంద్రాలు రాత్రి పలుకుతాయి. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి ముల్లును నెమ్మదిగా తిప్పుతూ వినిపించిన భాషలన్నీ రాసుకురమ్మంటే, ఆ రెండు జాబితాల తేడాయే మరుసటి పాఠానికి ప్రారంభం. అయితే పాఠశాల ప్రసారాలు బడివేళల్లోనే ముగుస్తాయి. ఈ ప్రయోగం జరగవలసింది రాత్రి కాబట్టి, పాఠం ఒకరోజు ప్రశ్నతో ఆగి, మరొకరోజు విద్యార్థులు తెచ్చిన జాబితాలతో మొదలయ్యేలా రెండు ప్రసారాలుగా దాన్ని రూపొందించవలసి ఉంటుంది.