పెరటికోడికి గూడు... గూడేనికి టీకా!

వేలకు వేల కోళ్లతో ఫారాలు నడుస్తున్న రోజుల్లో పెరట్లో పది కోళ్లు పెంచితే ఏమొస్తుంది? జైనూర్ వైపు గోండు, కొలాం గూడేల్లో ఆ ప్రశ్న చెల్లదు. చుట్టాలొస్తే కూరకు కోడి. దేవర మొక్కుకు కోడి. చేతిలో పైసల్లేనప్పుడు సంతకు వెళ్లేదీ కోడే! హైమన్‌డార్ఫ్ దంపతులు 1940లలో ఉండి గోండుల జీవితాన్ని అధ్యయనం చేసిన మార్లవాయి ఈ మండలంలోదే. ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని ఈ ప్రాంతం 2016 నుంచి కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది.

నాటుపెట్ట లెక్క

నాటుపెట్ట పది, పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. 21 రోజులు పొదిగి, ఆపై రెండు మూడు నెలలు పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతుంది. అందుకే ఏడాదికి 50-60 గుడ్లే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా మాంసానికీ గుడ్లకూ పనికొస్తుంది. గ్రామప్రియ ముఖ్యంగా గుడ్ల కోడి. మేత బాగుంటే నాటుకోడికి రెట్టింపు, అంతకన్నా ఎక్కువే పెడతాయి. కానీ పొదగడం వీటికి చేతకాదు. పిల్లలు కావాలంటే మళ్లీ కొనాల్సిందే. ఇంట్లోనే మంద పెరగాలంటే నాటుపెట్టను వదులుకోకూడదు.

రాత్రికి చోటు

పగలు తిరిగి మేసే కోడికి రాత్రి గూట్లో చదరపు అడుగు చోటు చాలు. గూడు నేలకు రెండడుగుల ఎత్తులో ఉంటే తేమ తగలదు. అడుగున బద్దల మధ్య సందులుంటే రెట్ట కిందికి రాలిపోతుంది. చుట్టూ వెదురు తడకో, ఇనుప జాలీయో కట్టాలి. లేకుంటే అడవిపిల్లికి, ముంగిసకు విందే! కొన్న పిల్లలకు తల్లి ఉండదు కాబట్టి మొదటి నెల బల్బు వెచ్చదనం తప్పనిసరి. సాయంత్రం గుప్పెడు నూకలో, జొన్నలో వేస్తే కోళ్లు వాటంతటవే గూటికి చేరతాయి.

రెండు గంటల గడువు

అసలు నష్టం కొక్కెర రోగంతోనే. దీన్నే రాణిఖేత్ అంటారు. ఆకుపచ్చటి పారుడు, ఎగశ్వాస, మెడ మెలిపడటం... రెండు మూడు రోజుల్లో గూడు ఖాళీ! వచ్చాక మందు లేదు. ముందే టీకా వేయించాలి. మొదటి వారంలో లసోటా కంట్లో చుక్క, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ సూది. అదీ ఆరోగ్యంగా ఉన్న కోళ్లకే. సంతలో కొన్న కోడిని రెండు వారాలు విడిగా ఉంచాలి.

చిక్కేమిటంటే, టీకా సీసాలో వంద, అంతకు మించి డోసులుంటాయి. మంచులో పెట్టి తేవాలి. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. మిగిలింది పారబోయాల్సిందే. ఒక్క ఇల్లు వేయించుకున్నా, పక్కింటి కోళ్లలో రోగం తిరుగుతూనే ఉంటుంది. అందుకే పశువైద్య సిబ్బందితో మాట్లాడుకుని, కోళ్లు ఇంకా గూట్లో ఉండగానే తెల్లవారుజామున గూడెమంతా ఒకేసారి వేయించుకోవాలి.

పది కోళ్లున్న ఇంటికి వంద డోసుల సీసా దండగే. పది ఇళ్లు కలిస్తే సరిగ్గా సరిపోతుంది!